సవ్తా "ఉప్పిల్ల" అన్న రోజు

నేను ఆ ఇంట్లో అడుగుపెట్టి నాలుగో రోజు. 2016 ఫిబ్రవరి. మధ్యాహ్నం సవ్తాకు సూప్ తాగిస్తున్నాను. రెండు చెంచాలు మింగింది. మూడోదానికి నోరు తెరవలేదు. తల అటు తిప్పుకుని "ఉప్పిల్ల" అంది.

నా చెయ్యి అట్లనే ఆగిపోయింది. నాలుగు రోజుల నుంచి ఆ ఇంట్లో ఎవరేం మాట్లాడినా నాకు చప్పుడే తప్ప మాట వినపడలేదు. "ఉప్పా?" అన్నాను తెలుగులోనే. "ఉప్పు" అంది సవ్తా. లేచి పోయి ఇంత ఉప్పు వేసి తెచ్చాను. గిన్నె ఖాళీ చేసింది. ఆ రాత్రి మా అమ్మకు ఫోన్ చేసి, "అమ్మా, ఈ ముసలామె ఉప్పును ఉప్పు అనే అంటది" అని ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో మా అమ్మకు అర్థం కాలేదు.

సవ్తా అంటే హీబ్రూలో నాయనమ్మ, అమ్మమ్మ. ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్ పనికి పోయిన మా తెలంగాణ వాళ్లందరికీ ముందుగా వచ్చే మాటలు సవ్తా, సబ్బా. సబ్బా అంటే తాత. మాది కోరుట్ల దగ్గర పల్లె. పోకముందు నేను బీడీలు చుట్టేదాన్ని. మా ఆయన గల్ఫ్‌లో నడుం విరగ్గొట్టుకుని వచ్చాక, ఎనిమిది లక్షలు వడ్డీకి తెచ్చి ఒక ఏజెంటు చేతిలో పోసి, ఆరేళ్ల బిడ్డను అమ్మ దగ్గర వదిలి విమానం ఎక్కాను. నా కథ ఇంతవరకే. నేను రాయాలనుకున్నది సవ్తా వాళ్ల కథ.

ఆ ఊరి పేరు నెవాతిమ్. నెగెవ్ ఎడారిలో, బేర్షెబా పట్నం దాటాక వస్తుంది. పక్కనే వైమానిక దళం స్థావరం. విమానాలు పోతుంటే కిటికీ అద్దాలు అదిరేవి. అలాంటి చోట వాకిట్లో కరివేపాకు చెట్టు చూసి నాకు నోట మాట రాలేదు. ఆ ఊళ్లో చాలామంది కేరళ నుంచి పోయిన యూదులు. కొచ్చి యూదులు అంటారు. సవ్తాది త్రిస్సూర్ వైపు మాళ అనే ఊరు. 1955లో, పన్నెండేళ్ల వయసులో, అమ్మానాన్నతో, తోబుట్టువులతో వచ్చింది.

పక్షవాతం వచ్చాక ఆమెకు మతిమరుపు మొదలైంది. అది ముందుగా తీసుకుపోయింది హీబ్రూని. అరవై ఏళ్లు మాట్లాడిన భాష, పిల్లల్ని పెంచిన భాష, మెల్లగా జారిపోయి, అడుగున ఉన్న మలయాళం పైకి వచ్చింది. ఆ మలయాళం కొడుకులకు రాదు. మనవలకు అసలే రాదు. ఇండియా మనిషిని పెట్టుకుంటే అర్థమవుతుందని ఏజెన్సీకి చెప్పి మరీ నన్ను తెప్పించుకున్నారు. నాది తెలుగు, అది వేరే భాష అని చెప్పినప్పుడు పెద్ద కొడుకు ముఖం చిన్నబోయింది. ఆ ఉప్పు మాట దొరకకపోతే నన్ను మార్చేసేవాళ్లేమో.

ఉప్పు తర్వాత ఒక్కొక్కటే దొరికాయి. కన్ను కన్నే. చెవి చెవే. ముక్కును మూక్కు అంటుంది. పళ్లను పల్లు అంటుంది. కాలు "కాల్". నొప్పిని "నోవు" అన్నప్పుడు మా అమ్మమ్మ "నొవ్వు" అన్నట్టే వినిపించింది. ఒంటి బాధ చెప్పుకోవడానికి ఒక ముసలి మనిషికి కావలసిన మాటలన్నీ మా ఇద్దరి మధ్య ముందే ఉన్నాయి. ఒక నోటుబుక్కు కొని తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. వెళ్ళం అంటే నీళ్లు. చోరు అంటే అన్నం. పుళి అంటే చింతపండు. ఆమె చేపల కూర తింటూ పుళి, పుళి అంటే, పులి కనబడుతోందేమో అని మొదట భయపడ్డాను.

అన్నిటికంటే ఎక్కువసార్లు రాసుకున్న మాట "నాట్టిల్". అంటే సొంతూళ్లో, మన దేశంలో. పొద్దు గూకే వేళకు ఆమెకు కంగారు మొదలయ్యేది. బీరువా తీసి నాలుగు బట్టలు మూటగట్టి "నాట్టిల్ పోణం" అనేది. ఊరికి పోవాలి అని. కొడుకు ఉంటే హీబ్రూలో "అమ్మా, నువ్వు ఇంట్లోనే ఉన్నావు" అనేవాడు. ఆ మాట వింటే ఇంకా ఏడ్చేది. నేను ఎదురు చెప్పేదాన్ని కాదు. చెప్పులు తొడిగి, మూట నేను పట్టుకుని, ఊరి మొదట్లో బస్టాప్ దాకా నడిపించేదాన్ని. కాసేపు బెంచీ మీద కూర్చుంటే ఎందుకొచ్చామో మరిచిపోయేది. ఒకరోజు బేర్షెబా బస్సు మా ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎక్కడికి అని డ్రైవర్ అడిగాడు. సవ్తా నిటారుగా నిలబడి "మాళ" అంది. అతను నా వైపు చూశాడు. మేం ఎక్కం, నువ్వు పో అన్నట్టు చెయ్యి ఊపాను.

సవ్తా వాళ్ల పాత సంగతులు నాకు ఎక్కువగా చెప్పింది సవ్తా చెల్లెలు. రెండు వీధుల అవతల ఉండేది. మాళ నుంచి వచ్చేనాటికి ఆమెకు తొమ్మిదేళ్లు. ఆమె మతి నిక్షేపంలా ఉంది. సాయంత్రాలు వచ్చి అక్క పక్కన కూర్చుని, బఠాణీలు ఒలుస్తూ, నాకు అర్థమయ్యేట్టు నిదానంగా హీబ్రూలో చెప్పేది.

నేను మొదట అడిగింది, మిమ్మల్ని అక్కడ ఎవరైనా బాధపెట్టారా అని. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు అంది. కేరళ రాజు వెయ్యేళ్ల కిందట వాళ్ల పెద్ద జోసెఫ్ రబ్బాన్‌కు రాగిరేకుల మీద హక్కులు రాసిచ్చాడు. కొచ్చి రాజు తన కోట పక్కనే సినగాగు, అంటే యూదుల ప్రార్థన గుడి, కట్టుకోనిచ్చాడు. యూరప్ యూదుల్లా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయినవాళ్లు కాదు వీళ్లు. రోజూ ప్రార్థనలో జెరూసలేం పేరు తలుచుకుంటూ బతికారు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడగానే పోదాం అనుకున్నారు. అంతా కలిపి దాదాపు 2,400 మంది.

పోదాం అనుకున్నంత సులువుగా పోలేదు. కొచ్చి ప్రాంతంలో బోదకాలు ఎక్కువ. ఆ జబ్బు తమ దేశంలో పాకుతుందని ఇజ్రాయెల్ అధికారులు భయపడ్డారు. అందువల్ల ఏళ్ల తరబడి ఆలస్యమైంది. ఆమెకు బాగా గుర్తున్నది రాత్రిపూట నిద్రలేపి వేలు పొడిచి రక్తం తీయడం. ఆ పురుగు రాత్రే రక్తంలో తిరుగుతుందని మా ఊరి నర్సమ్మ కూడా అట్లనే రాత్రి వచ్చేది కాబట్టి ఆ భయం నాకు తెలుసు. ఇంట్లో ఎవరికైనా జబ్బు ఉందని తేలితే మిగతావాళ్లు పోవాలా ఆగాలా? తల్లి పాస్, కొడుకు ఫెయిల్ అయితే ఏం చెయ్యాలి? ఎప్పుడు రమ్మంటారో తెలియదు. ఈలోపు పోతున్నాం కదా అని వాళ్ల నాన్న కోళ్లు, గుడ్ల వ్యాపారం మానుకున్నాడు. మంచాలు, బిందెలు అమ్మేశారు. అమ్మిన డబ్బులు కూర్చుని తిన్నారు. ఖాళీ ఇంట్లో చాప మీద పడుకుని ఏడాదికి పైగా ఎదురుచూశారట. నేను కూడా వీసా కోసం ఏడు నెలలు అట్లనే ఉన్నాను. బీడీల కార్డు ఇంకొకరికి ఇచ్చేసి, పొద్దున లేస్తే ఏం చెయ్యాలో తెలియక. అందుకే ఆ చాప సంగతి చెబుతుంటే నాకు కడుపులో తిప్పినట్టయింది.

పోయే ముందు మాళ యూదులు తమ సినగాగును, శ్మశానాన్ని పంచాయతీకి అప్పగించి, వాటిని కాపాడాలని కాగితం రాయించుకున్నారు. అంతమందీ ఒక్కసారే పోతుంటే సమాధుల దగ్గర దీపం పెట్టేవాళ్లు ఎవరుంటారు? వాళ్లమ్మ చివరి రోజు అక్కడికి పోయి తిరిగి రానంటే ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారట. బొంబాయి దాకా రైలు, అక్కడి నుంచి విమానం. దిగాక లారీ ఎక్కించారు. చీకట్లో ఎక్కడికో తీసుకుపోయి దిగమన్నారు. పొద్దున్నే తలుపు తీసి చూస్తే ఒక్క చెట్టు లేదు, నీటిచుక్క లేదు. కాలువలు, కొబ్బరిచెట్లు తప్ప వేరే లోకం ఎరగని వాళ్లమ్మ ఆ గడప మీదే కూలబడి, "జెరూసలేం ఏదీ?" అని అడిగిందట.

నెవాతిమ్ అంతకుముందే 1946లో వేసిన ఊరు. ముందున్నవాళ్లు నిలవలేక వెళ్లిపోయారు. 1954 నుంచి కొచ్చి వాళ్లను తెచ్చి పెట్టారు. మిగతావాళ్లను జెరూసలేం దారిలోని గుట్టల మీద మెసిలత్ సియోన్, తావోజ్ లాంటి ఊళ్లలో సర్దారు. దోమలు లేని పొడి నేలలు చూసి పంపారని, దానికి కూడా ఆ బోదకాలి భయమే ఒక కారణమని పెద్దవాళ్లు అనుకుంటారు. మాళలో ఇరుగుపొరుగుగా ఉన్న అన్నదమ్ములు ఇక్కడ రోజు ప్రయాణం దూరంలో పడ్డారు.

వ్యాపారం చేసిన చేతులకు పలుగూ పారా ఇచ్చారు. తిండి చూస్తే రొట్టె, నల్లటి ఆలివ్ కాయలు. కుళ్లిపోయాయనుకుని ఆలివ్‌లు మొదట పారబోశారట. కొబ్బరి లేదు, చేప లేదు. వాళ్లమ్మ కేరళ ఆడవాళ్లలా ముండు, అంటే నడుముకు చుట్టుకునే పంచె లాంటి బట్ట, పైన జాకెట్టు కట్టుకునేది. నీళ్ల పంపు దగ్గర వేరే దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్లు వింతగా చూస్తుంటే ఆమె బయటికి రావడం మానేసింది. రెండేళ్లు ఇల్లు కదల్లేదు. ఆ ముండు బట్టలు చించి చివరికి పసిపిల్లకు గుడ్డలు చేసిందట.

నన్ను అన్నిటికంటే పట్టి కుదిపిన సంగతి భాషది. వీళ్లకు హీబ్రూ రానిది కాదు. ఆడామగా అందరూ చదవగలరు. ప్రార్థనలన్నీ కంఠతా వచ్చు. కానీ అది దేవుడితో మాట్లాడే హీబ్రూ. దుకాణంలో రొట్టె అడిగే హీబ్రూ వేరు. వాళ్ల నాన్న ప్రార్థన పుస్తకంలోని మాటలతో రొట్టె అడిగితే దుకాణంలో నవ్వారట. ఆయన మళ్లీ దుకాణానికి పోలేదు. పిల్లలు బడిలో ఆరు నెలల్లో నేర్చుకున్నారు. ఇక అక్కడి నుంచి పన్నెండేళ్ల సవ్తాయే ఆ ఇంటికి నోరు. రేషను, ఆఫీసు, ఉత్తరాలు అన్నీ తనే.

ఒకరోజు వాళ్లమ్మకు కడుపు పోయింది. నాలుగో నెల. రక్తం ఆగడం లేదు. క్లినిక్‌కు తీసుకుపోయారు. డాక్టరు అడిగేది సవ్తా తల్లికి చెప్పాలి. తల్లి చెప్పేది డాక్టరుకు చెప్పాలి. ఆ మాటలు సవ్తాకు హీబ్రూలోనూ తెలియవు, మలయాళంలోనూ తెలియవు. మన ఇళ్లలో పన్నెండేళ్ల ఆడపిల్ల ముందు ఎవరు మాట్లాడతారు ఆ మాటలు? తల్లి సిగ్గుతో నోరు విప్పదు. డాక్టరు తొందర పెడతాడు. ఈ పిల్ల మధ్యలో నిలబడి, చివరికి తన గౌను అంచు పట్టుకుని ఎర్రటి పువ్వు బొమ్మను చూపించి, "ఇది, చాలా" అందట. చెల్లెలు ఆ మాట చెబుతూ ఒలుస్తున్న బఠాణీ కాయ చేతిలోనే పట్టుకుని కూర్చుండిపోయింది. పక్కన సవ్తా తన గౌను మీద ముడత సరిచేసుకుంటోంది. వింటోందో లేదో తెలియదు.

ఆ రోజు నుంచి తల్లి కూతురి ముఖం చూసి మాట్లాడ్డం తగ్గించిందట. కూతురు కూడా ఇంట్లో మలయాళం తగ్గించింది. బడిలో, పంపు దగ్గర, ఆఫీసులో పడ్డ అవమానాలన్నీ ఆ భాషకే చుట్టుకున్నాయి. పెళ్లయ్యాక పిల్లలకు ఒక్క ముక్క నేర్పలేదు. నా పిల్లలు ఎవరి ముందూ తల దించుకోకూడదు అనేదట. దాన్ని తప్పంటే నేను ఒప్పుకోను. ఆ రోజు క్లినిక్‌లో ఆమె పక్కన మనలో ఎవరమూ లేము కదా.

అందరి బతుకూ అక్కడే ఆగిపోలేదు. చేందమంగళం నుంచి వచ్చిన ఎలియాహు బెజలేల్ అనే ఆయన గొర్రెలు కాయడంతో మొదలుపెట్టి గ్రీన్‌హౌస్ సేద్యంలో పేరు తెచ్చుకున్నాడు. మన ప్రభుత్వం ప్రవాసీ భారతీయ సమ్మాన్ ఇచ్చింది. ఆయన పేరెత్తితే ఊళ్లో అందరి ముఖాలూ వెలిగేవి.

సెలవు దొరికిన శనివారం మా వాళ్లమంతా బేర్షెబాలో ఒక గదిలో కలిసేవాళ్లం. మోర్తాడ్, ఆర్మూర్, జగిత్యాల వాళ్లం. పప్పూ అన్నం వండుకుని, ఎవరి ముసలివాళ్ల సంగతులు వాళ్లం చెప్పుకునేవాళ్లం. ఒక చెల్లె రష్యన్ ముసలామెను చూసేది. 1990ల్లో సోవియట్ దేశాల నుంచి వచ్చిన దాదాపు పది లక్షల మందిలో ఒకరు. అక్కడ ఇంజినీరు, ఇక్కడ పదిహేనేళ్లు అపార్ట్‌మెంట్ల మెట్లు కడిగింది. డిప్లొమా కాగితం మాత్రం ఇంకా దిండు కిందే. ఒక తమ్ముడు చూసే మొరాకో తాత, ఓడ దిగగానే తల మీద డీడీటీ పొడి చల్లారని ఇప్పటికీ తల తుడుచుకుంటాడట. ఇథియోపియా వాళ్లు 1991లో 36 గంటల్లో 14 వేలకు పైగా మంది విమానాల్లో వచ్చారు. అట్లా వచ్చిన ఒక ముసలామె మనవరాలే ఆమెకు టీవీలో వార్తలు చెప్పిపెడుతుంది. ఏ ఇంట్లో చూసినా ఒక చిన్నపిల్ల పెద్దవాళ్లకు నోరుగా మారిన కథ ఒకటి ఉండేది.

సవ్తా పెద్ద కొడుకు ఒకసారి, మీ తెలుగువాళ్లలో యూదులు ఉన్నారా అని అడిగాడు. నాకు తెలియదు. ఫోన్‌లో వెతికితే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని ఉన్నారని తెలిసింది. తెలుగు మాట్లాడుతూ హీబ్రూలో ప్రార్థన చేసుకునేవాళ్లు. తాము యూదులమేనని చెప్పుకుంటున్నా ఇజ్రాయెల్ ఇంకా ఒప్పుకోలేదు. ఆయన ఆ ఫొటోలు చాలాసేపు చూశాడు. "వాళ్లు వస్తే ఏ భాష పోగొట్టుకుంటారు?" అన్నాడు. నేను "తెలుగు" అన్నాను.

ఆ మాట నాకు నా బిడ్డ వైపు తిరిగి తగిలింది. రెండేళ్లు అయ్యేసరికి వీడియో కాల్‌లో నా బిడ్డ మా అమ్మను అమ్మా అని, నన్ను మమ్మీ అని పిలవడం మొదలుపెట్టింది. ఎవరు నేర్పారో తెలియదు. బడి సంగతులు అడిగితే ఒక్కో ముక్క చెప్పి ఫోన్ అమ్మమ్మకు ఇచ్చేది. ఆ రాత్రుళ్లు సవ్తా మంచం పక్కన కింద పడుకుని, గోడ వైపు తిరిగి ఏడ్చేదాన్ని. ఒకసారి పైనుంచి చెయ్యి వచ్చి నా తల మీద పడింది. ఏమీ అనలేదు. నిద్రపోయేదాకా తీయలేదు.

ఆమె పాడేది కూడా. కొచ్చి యూదుల ఆడవాళ్లకు మలయాళంలో బోలెడన్ని పాటలు. పెళ్లికి, పండక్కి, దేవుడి కథలకు. నోటుబుక్కుల్లో రాసుకుని తల్లి నుంచి కూతురికి ఇచ్చుకునేవాళ్లు. సవ్తా దగ్గర వాళ్లమ్మ నోటుబుక్కు ఒకటి ఉంది. నీలం అట్ట, కుట్టు ఊడిపోయింది, అంచులు బీడీ ఆకు రంగుకు తిరిగాయి. దాన్ని ఒళ్లో పెట్టుకుంటే పేరు మరిచిపోయిన మనిషి పాట చివరి దాకా పాడేది. చిన్న మనవరాలు ఫోన్‌లో రికార్డు చేసుకుని, నా నోటుబుక్కు పట్టుకుని ఒక్కొక్క మాటకు అర్థం వెతికేది. దానికి తెలుగు అక్షరాలు రావు. నేను చదివితే పక్కనే హీబ్రూలో రాసుకునేది. నాకు తెలిసినవి ఎన్ని? రెండొందల మాటలు. ఆ రెండొందలూ ఇచ్చి వచ్చాను.

2019లో ఒక చల్లటి రోజు అందరూ కలిసి సవ్తాను జెరూసలేం తీసుకుపోయారు. అక్కడ ఇజ్రాయెల్ మ్యూజియంలో కొచ్చిలోని మట్టంచేరి కడవుంబాగం సినగాగు లోపలి భాగాన్ని విప్పి తెచ్చి మళ్లీ అమర్చారు. ఇటలీ, జర్మనీ, సూరినామ్ సినగాగులు కూడా ఉన్నాయి. సవ్తా వాటి ముందు నుంచి వీల్‌చెయిర్‌లో మామూలుగానే వచ్చింది. కేరళ గది ముందుకు రాగానే చక్రాల మీద చెయ్యి వేసి ఆపింది. చెక్కుడు పని చేసిన చెక్క పైకప్పు. మన దగ్గర పాత గుళ్లలో ఉన్నట్టే. ఆమె చాలాసేపు పైకే చూసింది. తర్వాత లేస్తానంది. నేనూ కొడుకూ చెరో రెక్క పట్టుకున్నాం.

గడప దగ్గర ఆగి కాళ్లు కదపడం మొదలుపెట్టింది. ఒక మడమతో ఇంకో చెప్పును తోసేస్తోంది. కొడుకు "అమ్మా, అక్కర్లేదు, ఇది మ్యూజియం" అన్నాడు. ఆమె వినలేదు. మనవరాలు చుట్టూ చూసి సిగ్గుపడింది. జనం బూట్లతో లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. కేరళ సినగాగుల్లో చెప్పులు బయటే విడిచేవాళ్లని వాళ్ల చెల్లెలు నాకు ఎప్పుడో చెప్పింది. నేను కిందికి వంగి సవ్తా చెప్పులు తీశాను. పక్కనే నావి కూడా విప్పాను. నేల చల్లగా తగిలింది. మేమిద్దరం లోపలికి పోతుంటే వెనక ఏదో చప్పుడైంది. తిరిగి చూస్తే కొడుకు ఒంటికాలి మీద నిలబడి బూటు లేసు విప్పుకుంటున్నాడు.